చక్కెర చాయ్ కూడా తాగని మనిషి

ఖమ్మంలో మా ఆసుపత్రి వాళ్ళు కొత్తగా ఐసీయూ తెరిచినప్పుడు దాన్ని చూసుకునే డాక్టరుగా నన్ను పెట్టారు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. హైదరాబాదులో మత్తు డాక్టరు చదువు చదివి, అక్కడే ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, ఆ పెళ్ళి నిలవక వెనక్కి వచ్చాను. మాది వైరా. కానీ అక్కడికి వెళ్తే ఏ ఇంటి ముందు ఆగినా ఒకటే ప్రశ్న. అందుకని ఖమ్మంలోనే ఒక ఎరువుల దుకాణం మీది పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. కిటికీ తెరిస్తే కింది నుంచి పురుగుమందుల వాసన కొట్టేది. మూస్తే ఉక్క. తెరిచే ఉంచేదాన్ని. దుకాణంలో బేరాలాడే రైతుల మాటలు పైకి వినిపించేవి, ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది.

ఐసీయూలో ఆరు మంచాలు. ఆ మంచాల మీద ఉన్నవాళ్ళలో ఎక్కువమంది మాట్లాడలేరు. గొంతులో గొట్టం ఉంటుంది, లేదా మత్తులో ఉంటారు. డ్యూటీ అయిపోయాక కూడా నేను అక్కడే తచ్చాడేదాన్ని. నర్సులు మొదట్లో అది శ్రద్ధ అనుకున్నారు. కొన్నాళ్ళకి అసలు సంగతి అర్థమైనట్టుంది, నాకోసం కూడా ఒక కుర్చీ వేసి ఉంచేవాళ్ళు.

మా పెద్ద డాక్టరుగారు అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఊళ్ళో సగం మందికి ఆయనే వైద్యుడు. అయినా పరీక్షకు వెళ్ళే కుర్రాడిలా చదివేవారు. ఒకసారి ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి, నేరుగా ఐసీయూకే వచ్చి నన్నడిగారు.

"అమ్మా, షుగర్ జబ్బే లేని మనిషి యాక్సిడెంటై ఇక్కడ పడితే రక్తంలో షుగర్ ఎందుకు పెరుగుతుంది?"

"ఒళ్ళు ప్రమాదంలో ఉందని కాలేయం ఉన్న చక్కెరంతా రక్తంలోకి వదిలేస్తుంది సార్. ఇన్సులిన్ కూడా సరిగ్గా పనిచేయదు."

"మరి మనమేం చేస్తున్నాం?"

"రెండొందలు దాటితే చూస్తున్నాం. లేకపోతే వదిలేస్తున్నాం."

"అదే తప్పంటున్నారు."

విదేశాల్లో ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. ఆపరేషన్లయి ఐసీయూలో ఉన్నవాళ్ళకు ఇన్సులిన్ ధారగా ఇస్తూ, షుగర్‌ని ఆరోగ్యవంతుల్లో ఉన్నట్టే ఎనభైకీ నూటపదికీ మధ్య పట్టి ఉంచారట. బతికి బయటపడ్డవాళ్ళు పెరిగారట. "ఇన్నేళ్ళూ కళ్ళముందు కనిపిస్తున్న అంకెని చూసీ చూడనట్టు వదిలేశామమ్మా" అన్నారు. ఆ వారంలోనే మా ఐసీయూ గోడ మీద కొత్త కాగితం అంటించాం. షుగర్ ఇంత ఉంటే ఇన్సులిన్ ఇంత, నూటపది దాటకూడదు.

ఆ పని నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే చాలా నచ్చింది. వేలి చివర గుచ్చి, చుక్క రక్తం తీసి, చిన్న మీటరులో పెడితే అంకె వస్తుంది. దాన్నిబట్టి ఇన్సులిన్ పంపు కొంచెం తిప్పితే ఆ అంకె మాట వింటుంది. నా బతుకులో ఇంకేదీ అట్లా మాట వినలేదు.

నర్సులకు మాత్రం అది పెద్ద చాకిరీ. ముదిగొండ నుంచి రోజూ బస్సులో వచ్చే నర్సు ఒకమ్మాయి ఉండేది. ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది.

"మేడమ్, గంటగంటకూ గుచ్చుతుంటే ఆ వేళ్ళు చూడబుద్ధయితలేదు."

"ఏం చేద్దాం మరి?"

"ఏం చేస్తం. గుచ్చుతం" అని నవ్వి వెళ్ళిపోయేది.

అట్లా ఒక ఏడాది గడిచాక, ఇప్పపూలు రాలే రోజుల్లో ఆమె వచ్చింది.

భద్రాచలం దాటి చర్ల రోడ్డులో కొంత దూరం పోయి, అక్కణ్నుంచి అడవిలోకి నడిస్తే వాళ్ళ గూడెం. కోయ వాళ్ళు. తెల్లారకముందే భార్యాభర్తలిద్దరూ ఇప్పపూలు ఏరడానికి వెళ్ళారు. ఆ పూలంటే ఎలుగుబంటికీ ఇష్టమే. వంగి ఏరుకుంటున్న ఆమె మీద అది వెనక నుంచి పడింది. భర్త గొడ్డలి పట్టుకుని అరుస్తూ వచ్చేసరికి తలమీద చర్మం, ఎడమ చెంప, ఎడమ కన్ను పోయాయి. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చి, జీపెక్కించి భద్రాచలం చేర్చారు. అక్కడ కట్లు కట్టి మా దగ్గరికి పంపించారు.

సర్జన్ చాలాసేపు కష్టపడి కుట్లు వేశాడు. కానీ ఎలుగు గోళ్ళు మామూలువి కావు. గాయాలకు చీము పట్టింది, అది రక్తంలోకి పాకింది, బీపీ పడిపోయింది. వెంటిలేటర్ పెట్టాం. షుగర్ చూస్తే మూడొందలకు దగ్గరగా ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టాను.

ఆమె భర్త సన్నగా, పొట్టిగా ఉండేవాడు. ఐసీయూ బయట మెట్ల కింద కూర్చునేవాడు. అందరికోసం వేసిన బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఆ సాయంత్రం బయటికెళ్ళి సంగతి చెప్పాను.

"షుగర్ ఎక్కువుంది అన్నా. దానికి మందు పెట్టాం."

అతను నా మొహంలోకి చూశాడు. "షుగరేంది డాక్టరమ్మా? అది పట్నపోళ్ళ జబ్బు గదా. మా ఆడది చక్కెర చాయ్ గూడ తాగది. మేం జావ తాగేటోళ్ళం."

"అది జబ్బు కాదు. దెబ్బకి ఒళ్ళు భయపడి చక్కెర వదిలేస్తుంది."

కాసేపు ఆలోచించాడు. "భయపడ్డది. అవ్, భయపడ్డది. ఎలుగును జూసి భయపడకుంట ఎవరుంటరు" అన్నాడు. అతనికి అర్థమైందని అనిపించింది. నేను చెప్పింది అతను ఇంకోరకంగా అర్థం చేసుకున్నా, అందులో తప్పేమీ లేదు.

ఆమె తేరుకుంది. మెల్లగా, రోజురోజుకీ కొంచెం కొంచెంగా. బీపీ నిలబెట్టే మందులు ఆపేశాం, తర్వాత గొంతులో గొట్టం తీసేశాం. ముక్కులోంచి పాలు, గంజి ఎక్కించే సన్నటి గొట్టం మాత్రం ఉంచాం. గొట్టం తీసిన రోజు ఆమె బొంగురు గొంతుతో ఒకటే మాట అంది. "ఏరు... ఏరు..."

ముదిగొండ నర్సు దగ్గరికి వంగి విన్నది. "గోదారి దగ్గరకు తీస్కపొమ్మంటుంది మేడమ్. ఇంటి మీదికి మనసు మళ్ళింది."

నేనూ అదే అనుకున్నాను. "పంపిస్తాం అక్కా, తగ్గనీ" అని చెయ్యి నిమిరాను. ఆమె మొహం తిప్పుకుంది. మళ్ళీ అదే మాట. సాయంత్రం చూడటానికి భర్తను లోపలికి వదిలితే, అతను విని వెంటనే మాకేసి తిరిగాడు.

"నీళ్ళు అడుగుతుంది. మా మాటల ఏరంటే నీళ్ళు."

ఆ రోజంతా ఆమె నీళ్ళడుగుతుంటే, మేము ఇంటికి పంపిస్తామని చెబుతూ వచ్చామన్నమాట. మింగడం ఇంకా సరిగ్గా రాలేదు కాబట్టి తాగించడానికి లేదు. దూది తడిపి పెదాలమీద పెట్టాం. కళ్ళు మూసుకుని చప్పరించింది.

రెండురోజులకు భర్త వెళ్ళొస్తానన్నాడు. ఇంటిదగ్గర చిన్నపిల్లలు, వాళ్ళను చూసే ముసలమ్మకు జ్వరం వచ్చిందని కబురొచ్చింది. "నువ్వున్నవ్ గదా డాక్టరమ్మా" అన్నాడు నాతో. ఆమె దగ్గరికెళ్ళి ఏదో చెప్పాడు. ఆమె ఒంటి కన్నుతో అతన్నే చూస్తూ పడుకుంది, తలుపు మూసుకున్నాక కూడా చాలాసేపు ఆ తలుపునే చూసింది.

అప్పట్నుంచి ఆ గదిలో ఆమె భాష తెలిసినవాళ్ళు లేరు. మంచం పక్కన కుర్చీ నాది. నేను తెలుగులో మాట్లాడేదాన్ని. వైరా చెరువు గురించి, మా అమ్మ గురించి, హైదరాబాదులో ఉన్న ఇల్లు గురించి, ఎవరితోనూ అనని మాటలు కూడా. ఆమెకు కొంత తెలుగు వచ్చే ఉంటుంది, సంతకు వచ్చే మనిషే కదా. కానీ ఎప్పుడూ బదులు చెప్పలేదు. ఒకరోజు మాత్రం కట్టు లేని చేత్తో తన చెంపను తడుముకుంది. కట్టు మీద వేళ్ళు ఆగి ఆగి కదిలాయి. ఆ తర్వాత చెయ్యి చాచి నా చెంపను తడిమింది. నా మాస్కు కిందికి జారింది. ఏం పోల్చి చూసుకుందో నాకు తెలియదు. ఆ వేళ్ళ చివరలన్నీ సూది గుచ్చిన నల్లటి చుక్కలే. గరుగ్గా తగిలాయి. నా మొహాన్ని ఒక మనిషి ముట్టుకుని అప్పటికి చాలాకాలమైంది.

ఆ మర్నాడో, ఆ పై రోజో, ఆమెకు గాయాలు లోతుగా శుభ్రం చేసి కట్లు మార్చాలని ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళాల్సి ఉంది. మత్తిచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి పొద్దున్నే గొట్టంలో గంజి ఆపేశారు. ఇంతలో కొత్తగూడెం రోడ్డులో లారీ బోల్తాపడి దెబ్బలు తగిలినవాళ్ళను తెచ్చారు. థియేటరును వాళ్ళకు ఇవ్వాల్సి వచ్చింది. ఆమె వంతు వెనక్కి పోయింది. నేనూ, నర్సులూ అందరం ఆ లారీ వాళ్ళ దగ్గరే ఉన్నాం. ఇక్కడ ఆమెకు లోపలికి తిండి లేదు, ఇన్సులిన్ పంపు మాత్రం తన పాటికి తను ఎక్కిస్తూనే ఉంది.

మధ్యాహ్నం నేను ఐసీయూలోకి వచ్చేసరికి కరెంటు పోయి ఉంది. మిషన్లు బ్యాటరీ మీద నడుస్తున్నాయి, ఏసీ లేదు. ఆమె దుప్పటి తడిసి ముద్దయింది.

"ఉక్కకు చెమట పట్టింది మేడమ్" అంది అప్పుడే డ్యూటీలోకి వచ్చిన నర్సు.

చెయ్యి పట్టుకున్నాను. ఉక్కకు పట్టిన చెమట వెచ్చగా ఉంటుంది. ఇది చల్లగా ఉంది. కన్ను తెరిచే ఉంది, నాకేసే ఉంది, కానీ నన్ను చూడటం లేదు. "అక్కా" అని పిలిచాను. మూతి ఒక పక్కకు లాగింది, చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. వేలు గుచ్చి మీటరులో పెడితే అంకె రాలేదు. కొలవలేనంత తక్కువ అని చెప్పే అక్షరాలు వచ్చాయి.

పంపు ఆపేశాను. గ్లూకోజు నేరుగా నరంలోకి ఎక్కించాను. నా చేతులు పనిచేస్తున్నాయి, నోరు మాత్రం "అక్కా, అక్కా" అంటూనే ఉంది. రెండో సిరంజి సగంలో ఉండగా చెయ్యి కొట్టుకోవడం ఆగింది. కన్ను మెల్లగా నామీద నిలిచింది. అప్పుడామె నా కోటు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఏరు లాంటి ఒక్క మాట కాదు, చాలా మాటలు, ఆపకుండా. చెబుతూ ఏడ్చింది. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. చుట్టూ చూశాను. ఎవరికీ కాలేదు. నేను అవునన్నట్టు తలూపాను. ఇంకేం చేయను?

సాయంత్రం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"మనిషి ఎట్లా ఉంది?"

"బాగానే ఉంది సార్. కానీ ఈమెకు ఇక నూటపది పట్టుకుని వేలాడలేను. నూటయాభై, నూటఎనభై దాకా వదిలేస్తాను."

"ఒక్క కేసు చూసి పద్ధతి మార్చకూడదమ్మా. పరిశోధన అంటే ఎంతోమందిని చూసి చెప్పేది."

"ఆ ఎంతోమంది ఉన్న చోట మనిషికో నర్సు ఉంటుంది సార్. తిండి ఆపితే ఇన్సులిన్ ఆపేవాళ్ళుంటారు. ఇక్కడ లారీ ఒకటి బోల్తా పడితే అందరం అటు పరిగెత్తాం."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను కోప్పడతారేమో అనుకున్నాను. "ఆ అమ్మాయికి నీ ఇష్టం" అన్నారు చివరికి. "మిగతావాళ్ళకు మాత్రం ఉన్న పద్ధతే. కాకపోతే తిండి ఆపితే పంపు ఆపాలని గోడ మీద పెద్దక్షరాలతో రాయించు." రాయించాను. గట్టిగా వాదించడానికి నా దగ్గర ఆధారం ఏముంది? ఆయన దగ్గర అచ్చయిన పరిశోధన ఉంది. నా దగ్గర తడిసిన దుప్పటి ఉంది.

ఎండలు బాగా ముదిరాక ఆమె ఇంటికి వెళ్ళింది. భర్త వచ్చి తీసుకెళ్ళాడు. కట్లు విప్పిన మొహాన్ని అతను మొదటిసారి చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. భుజం మీది తువ్వాలు తీసి ఎండ తగలకుండా ఆమె తలమీద వేశాడు. వెళ్ళేటప్పుడు ఆమె నాకేసి తిరుగుతుందని ఎదురుచూశాను. గుమ్మం దగ్గర వెలుతురుకు కన్ను చికిలించి, అతని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆ రోజు ఆ మంచం మీదికి ఇంకెవరో వచ్చారు. నా కుర్చీ కొన్నాళ్ళు అక్కడే ఉంది.

మళ్ళీ ఏడాది భద్రాచలం దగ్గర వైద్య శిబిరం పెడితే నేను పేరిచ్చాను. శిబిరం అయ్యాక జీపు డ్రైవర్ని బతిమాలి చర్ల రోడ్డులో కొంతదూరం వెళ్ళి, అక్కణ్నుంచి దారి చూపే మనిషితో నడిచాను. దారంతా ఆమెకు ఏం చెప్పాలో అనుకుంటూ నడిచాను. నవ్వొస్తుంది ఇప్పుడు, పండక్కి కొత్త బట్టలు వేసుకున్న పిల్లలా ఉన్నాను.

ఆమె ఇంటిముందు తడిక మీద ఏదో ఎండబెడుతోంది. ఎడమ చెంప మీద కొంగు. మనిషి ఒళ్ళు చేసింది. చేతులు చురుగ్గా కదులుతున్నాయి. నన్ను చూసి లోపలికి పోబోయింది. భర్త గుర్తుపట్టాడు.

"డాక్టరమ్మ! మా ఇంటికి డాక్టరమ్మ వచ్చింది!"

పీట వేశాడు, జావ తెచ్చిచ్చాడు. ఆమెతో కోయలో గబగబా చెప్పాడు. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, మర్యాదగా నవ్వి, తల అడ్డంగా ఊపింది.

"గుర్తులేదంట" అన్నాడు అతను, తనే తప్పు చేసినట్టు. "దవాఖానాల ఉన్నదే ఎరికలేదంటది. జీపు ఎక్కింది ఎరికే. మళ్ళ ఇంటికొచ్చినంక ఎరికే. నడుమ ఏం లేదంట."

ఐసీయూలో ఉన్నవాళ్ళకు అట్లా కావడం మామూలే. నేను చదివిందే, ఎంతోమంది బంధువులకు నేనే చెప్పిందే. అయినా చేతిలో జావ గిన్నె కాసేపు అట్లాగే పట్టుకుని ఉండిపోయాను.

"ఏమీ గుర్తులేదా అన్నా? ఒకసారి నాతో చాలా మాట్లాడింది. ఏమందో అడుగుతావా?"

అడిగాడు. ఆమె నుదురు ముడిచి ఆలోచించింది. నన్ను నిరాశపరచడం ఇష్టం లేనట్టు, నిజంగానే చాలాసేపు ఆలోచించింది. చివరికి తన వేళ్ళ చివరలు చూపిస్తూ ఏదో అంది.

"ఏదో కలొచ్చేదంట. పుట్టమీద పడుకున్నట్టు, ఊకె చీమలు వేళ్ళు కుట్టినట్టు. ఎవ్వరు లేరంట పక్కన. పిలిస్తే పలికేటోళ్ళు లేరంట."

నేను ఉన్నాను అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆమె పడుకున్న అడవిలో నేను లేను, అంతే. జావ తాగి, ఆమె చెయ్యి చూశాను. విరిగిన ఎముక బాగా అతుక్కుంది. వేళ్ళ చివర చుక్కలు ఎప్పుడో పోయాయి. "బాగుంది" అన్నాను. ఆ మాట ఆమెకు అర్థమైంది, తలూపింది. సాయంత్రమయ్యేలోపు రోడ్డెక్కాను.

ఆ తర్వాతి సంవత్సరాల్లో వేరే దేశాల నుంచి ఒక్కొక్కటిగా పరిశోధనలు వచ్చాయి. మాకు అట్లాంటి లాభం కనిపించలేదని కొందరు రాశారు. షుగర్ మరీ పడిపోతోందని మధ్యలోనే ఆపేసినవాళ్ళున్నారు. మరికొన్నేళ్ళకు చాలా దేశాల ఐసీయూల్లో కలిపి చేసిన పెద్ద పరిశోధన అచ్చయింది. షుగర్‌ని మామూలు మనుషుల్లో ఉన్నంతకు బిగించి పట్టిన రోగుల్లోనే చావులు కొంచెం ఎక్కువ. నూటఎనభై లోపు వదులుగా ఉంచడమే మేలు.

పెద్ద డాక్టరుగారు నన్ను ఒక మధ్యాహ్నం తన గదికి పిలిచారు. ప్రింటు తీసిన కాగితాలు బల్లమీద ఉన్నాయి. మార్జిన్లలో పెన్సిలు గీతలు. ఆయన ఆ ఏడే రిటైరవ్వబోతున్నారు.

"చదివావా?"

"చదివాను సార్."

"మన దగ్గర ఎంతమంది..." అని ఆగిపోయారు.

"తెలియదు సార్. ఎవరికి మేలైందో ఎవరికి కాలేదో ఒక్కొక్కరిని చూసి చెప్పలేం. అందరూ జబ్బుతో చావుకు దగ్గరగా వచ్చినవాళ్ళే."

"నువ్వు ఆ రోజు చెప్పావు."

"నేను ఒక్క మనిషి గురించే చెప్పాను సార్. మిగతాది నాకూ తెలియదు."

ఆయన లేచి ఐసీయూకి నడిచారు. గోడ మీది కాగితం తనే ఊడదీశారు. అంటించి చాలాకాలమైంది కదా, మూలలు రాలేదు, గోడకే ఉండిపోయాయి. కొత్త అంకెలు తన చేత్తోనే రాశారు. ముదిగొండ నర్సు అప్పటికి పెళ్ళయి, ఒక బిడ్డ తల్లయింది. కొత్త కాగితం చదివి, "అయితే ఇక తక్కువ గుచ్చొచ్చా సార్?" అని అడిగింది. "తక్కువే అమ్మా" అన్నారు ఆయన.

బయటికి వస్తూ, "భోంచేశావా?" అన్నారు.

"లేదు సార్."

"పద, మా ఇంటికి."

అన్నేళ్ళలో ఆయన ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. పిలవలేదని కాదు, పిలిచినప్పుడల్లా నేనే ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఇల్లంటే అందులో భార్య ఉంటుంది, ఆమె నా సంగతులు అడుగుతుంది అని. ఆమె ఏమీ అడగలేదు. కంచాలు పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది? ఎవరన్నా పోయారా?" అంది.

"లేదులే. చదువుకున్న లెక్క ఒకటి తప్పింది" అన్నారు ఆయన.

"లెక్క తప్పితే అన్నం మానేస్తారా?" అంటూ నా కంచంలో మామిడికాయ పప్పు వేసింది. చాలు అన్నా వినకుండా ఇంకో గరిటె వేసింది. ఎవరైనా వడ్డిస్తుంటే కూర్చుని తిన్నది అంతకుముందు ఎప్పుడో నాకు గుర్తురాలేదు. ముగ్గురం కూర్చుని తిన్నాం. ఆమె మాత్రం మధ్యమధ్యలో లేచి ఎవరి కంచం ఖాళీ అయిందో చూస్తూ ఉంది.